విఠలాచార్య సినిమాకు మీరు ఏ రేటు కట్టేవారు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హోం, సినిమాటోగ్రఫీ శాఖల పెద్దలకు, రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ బాధ్యులకు.



ఒక సినిమాను మామూలు రేటు కంటే ఎక్కువ వసూలు చేసుకోనివ్వాలా వద్దా అని తేల్చడానికి మీ దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే: దానికి ఎంత ఖర్చుపెట్టారు? 2022 మార్చి 7న వచ్చిన 13వ నంబరు జీవో ఆ సంగతి దాచుకోలేదు. ప్రధాన తారల, దర్శకుడి పారితోషికం పోను 100 కోట్ల రూపాయలు దాటిన చిత్రానికి మొదటి పది రోజులు ప్రత్యేక రేట్లు ఉండవచ్చునని అందులో రాశారు. తర్వాత ప్రభుత్వం మారింది, కొలబద్ద మారలేదు. 'కల్కి 2898 ఏడీ' దగ్గర్నుంచి పెద్ద సినిమాలకు వరసగా మెమోలు వచ్చాయి, మెమో వెనకే రేటు పెరిగింది. 2025 సంక్రాంతికి 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్' చిత్రాలకు పద్నాలుగు రోజుల పెంపు ఇస్తే, పది రోజులు దాటకూడదని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. ప్రభుత్వం రాసుకున్న నియమాన్ని ప్రభుత్వానికే కోర్టు చదివి వినిపించిందన్నమాట. రోజులు పది కావాలా, పద్నాలుగు కావాలా అన్న పేచీ వకీళ్ళకు వదిలేద్దాం. నా అభ్యంతరం అంతకు ముందు మెట్టు మీదే ఉంది. ఖర్చును అర్హతగా లెక్కగట్టే అధికారం మీకు ఎవరిచ్చారు? ఎక్కువ ఖర్చుపెట్టినవాడు ఎక్కువ మంచి పని చేశాడని ఏ శాస్త్రం చెప్పింది?

మిగతా సినిమాల సంగతి ఎలా ఉన్నా, ఈ రేట్ల పెంపులో మొదటి వరసలో నిలబడుతున్నవి మాయలు, మంత్రాలు, దేవుళ్ళు, రాక్షసులు, లేని లోకాలు ఉన్న సినిమాలే. 'లేని లోకాన్ని కట్టాలి కాబట్టి ఖర్చవుతుంది, ఖర్చయింది కాబట్టి ప్రేక్షకుడు భరించాలి' అన్నది నిర్మాతల వాదన. దాని మీద మీరు ముద్ర వేస్తున్నారు. ఆ వాదన తెలుగు సినిమా విషయంలో చరిత్ర ఎరిగిన వాళ్ళు చేసేది కాదు. మన భాషలో మాయ ఎప్పుడూ డబ్బు కంటే ముందు బుర్రలో పుట్టింది, తర్వాత చేతుల్లోకి వచ్చింది, చాలాసార్లు నవ్వుతూ వచ్చింది. ఆ సంగతి గుర్తుచేయడానికి కృష్ణా డెల్టా దిగువన ఉన్న మా బందరు, గుడివాడ, దివిసీమల కంటే తగిన చోటు లేదు. ఇది ఊరి మీద మమకారంతో అంటున్న మాట కాదు, కింద ఉన్న పేర్లు మీరే చూడండి.

సినిమా రాకముందే ఈ నేల మీద మాయకు ఒక సాంకేతికత ఉంది. మొవ్వ పక్కన కూచిపూడిలో భాగవతులు రాత్రిపూట కాగడాల వెలుగులో వేషం కట్టేవారు. హిరణ్యకశిపుడు రంగం మీదికి వచ్చేవేళ కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే గుప్పున మంట లేచేది. పిడికెడు పొడి, దాన్ని ఏ క్షణంలో చల్లాలో తెలిసిన చెయ్యి, అంతే. సినిమాను తెలుగువాళ్ళకు తెచ్చిపెట్టిన రఘుపతి వెంకయ్య బందరులో పుట్టినవాడు. ఆయన పేరుతో మీరు పురస్కారం పెట్టారు కాబట్టి ఆయన గురించి చెప్పనక్కరలేదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, ఆ పని వదిలి ఇదే ఊళ్ళో నాటకాలు రాసినవాడు పింగళి నాగేంద్రరావు. 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' ఆయన కలం నుంచి వచ్చాయి. మాయాబజార్‌లో ఎవరు తెరిచి చూస్తే వారికి ఇష్టమైనది కనపడే 'ప్రియదర్శిని' పెట్టెను ఊహించినవాడు మరమ్మతు పని నేర్చిన మనిషి అనుకుంటే ఆ ఊహ ఎక్కడిదో కొంత తెలుస్తుంది. ఆ సినిమాలో కృష్ణుడైన ఎన్టీఆర్ నిమ్మకూరు నుంచి, అభిమన్యుడైన ఏఎన్నార్ గుడివాడ దగ్గర రామాపురం నుంచి వెళ్ళారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1949లో, ఆ అభిమన్యుడే 'కీలుగుర్రం' ఎక్కి ఆకాశంలో ఎగిరాడు. అప్పట్లో ఏ కంప్యూటరూ లేదు. ఉన్నది కెమెరా, తీగ, చెక్క, రంగు, దీపం.

అయితే నా వాదనకు అసలు సాక్షి ఈ ఊళ్ళవాడు కాదు, ఉడుపి వైపు నుంచి మద్రాసుకు వచ్చిన బి. విఠలాచార్య. పరిశ్రమలో పెద్దమనుషులు ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు, జనం మాత్రం 'జానపద బ్రహ్మ' అన్నారు. చాలా చిత్రాలకు తానే నిర్మాత, తానే దర్శకుడు. పైసా పైసా లెక్క చూసుకునేవాడు. వేసిన సెట్టునే తిప్పి తిప్పి వాడేవాడు. డేట్లు ఇవ్వకుండా సతాయించిన నటుడి పాత్రను మంత్రగాడి శాపంతో చిలకగానో మేకగానో మార్చేసి, ఆ చిలకతోనే కథ నడిపించేవాడని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో నిజం ఎంతైనా, అది ఆయన గురించే పుట్టడంలో అర్థముంది: డబ్బు లేనిచోట ఆయనకు ఉపాయం తోచేది, ఆ ఉపాయమే తెర మీద వినోదమయ్యేది. 1978లో ఆయన తీసిన 'జగన్మోహిని' చూడండి. నరసింహరాజు హీరో, జయమాలిని మోహిని. పెద్ద తార ఎవరూ లేరు. పొయ్యిలో కట్టెలు లేకపోతే తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట కానిచ్చే దయ్యం ఆ సినిమాలో ఉంది. అది నిజం కాలు కాదని ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడికీ తెలుసు. అయినా వాడు ఒక్క క్షణం జడుసుకున్నాడు, మరుక్షణం పగలబడి నవ్వాడు. భయాన్నీ నవ్వునూ ఒకే పొయ్యి మీద ఉడికించిన ఆ ఊహకు ఎన్ని కోట్లు అవుతాయో మీ దరఖాస్తు ఫారంలో ఏ గడిలో రాయాలి? తమిళనాట కూడా ఆ మోహిని విరగబడి ఆడింది. 2009లో నమితతో అదే పేరున తమిళంలో కంప్యూటర్ గ్రాఫిక్స్ పెట్టి మళ్ళీ తీశారు. జనం ఇవాళ తలుచుకునే మోహిని ఏదో మీకు నేను చెప్పాలా?

ఈ పనిని 'ట్రిక్ ఫోటోగ్రఫీ' అనేవారు. అది చౌకది కాబట్టి తేలికది అనుకుంటే పొరపాటు. మనిషి మాయమవ్వాలంటే కెమెరా కదలకుండా బిగించాలి, తక్కిన నటులు ఊపిరి బిగబట్టి ఉన్నచోటే నిలవాలి, మాయమయ్యేవాడు పక్కకు తప్పుకోవాలి, అప్పుడు మళ్ళీ కెమెరా తిప్పాలి. నిలబడినవాడి చెయ్యి జానెడు కదిలితే మాయ కాస్తా మోసంగా బయటపడుతుంది. ఒకే నటుడు రెండు పాత్రల్లో ఎదురెదురుగా నిలబడాలంటే, లెన్సులో సగాన్ని నల్లగా మూసి ఒక సగం తీయాలి, ఫిల్మును లెక్కతప్పకుండా వెనక్కి తిప్పాలి, మూసిన సగాన్ని తెరిచి రెండోది తీయాలి. లెక్క తప్పితే రెండు సగాలూ పోతాయి. తీశాక సరిచేసుకుందాం అన్న వీలు లేదు. ఎగిరిన వస్తువు చేతిలోకి వచ్చి వాలాలంటే చేతిలోంచి విసిరినదాన్ని తిరగేసి చూపించాలి, అప్పుడు నటుడు తన నడకనూ చూపునూ కూడా తిరగేసి నటించాలి. 1961లో ఎన్టీఆర్ తాను దర్శకత్వం వహించిన తొలి చిత్రం 'సీతారామ కల్యాణం' కోసం రవికాంత్ నగాయిచ్‌ను కెమెరా దగ్గర నిలబెట్టుకున్నాడు. ఆ మనిషే తర్వాత హిందీకి వెళ్ళి 'ఫర్జ్' తీసి దర్శకుడిగా పేరు తెచ్చుకున్నాడు. తెలుగు ట్రిక్ షాటులో చేయి తిరిగినవాడికి బొంబాయిలో గౌరవం దక్కింది. పారిస్ శివార్లలో జార్జ్ మెలియస్ 1902లో చంద్రమండల యాత్రను తీసింది కూడా దాదాపు ఇవే ఉపాయాలతో. మద్రాసు స్టూడియోలు వాటిని అరువు తెచ్చుకుని మన కథలకు, మన హాస్యానికి తగ్గట్టు తిరిగి తయారుచేసుకున్నాయి.

చిలకలపూడి నగ సంగతి మీకు తెలియనిది కాదు. పెట్టుకున్నవారికీ చూసినవారికీ అది మేలిమి కాదని తెలుసు, అయినా పనితనం కుదిరితే పెళ్ళిలో కళకళలాడుతుంది. చేతి ట్రిక్కుదీ అదే దారి. ప్రేక్షకుణ్ణి నిజమని నమ్మించడానికి అది ప్రయత్నించదు, 'ఎలా చేశారబ్బా' అని ముచ్చటపడేలా చేస్తుంది. ఆ ముచ్చటే హాస్యానికి సగం బలం. అచ్చంగా నిజంలా కనిపించే రాక్షసుణ్ణి చూసి బెదురుతాం. అట్టముక్కా రంగూ కాస్త కనపడేలా ఉన్న రాక్షసుడితో స్నేహం చేస్తాం. మాయాబజార్ ఘటోత్కచుడి విందు ముందు కూర్చున్న మూడు తరాల పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో ఆలోచిస్తే, ఫాంటసీ కామెడీకి పరిపూర్ణమైన గ్రాఫిక్స్ ఒక్కోసారి అడ్డు కూడా అని ఒప్పుకోవలసి వస్తుంది. నిజంలా ఉండటమే గొప్ప అనే కొలత ఇతర తరహా సినిమాలకు సరిపోతుందేమో, ఈ తరహాకు సరిపోదు. మీ కొలబద్ద మాత్రం ఆ గొప్పనొక్కదాన్నే, అది కూడా బిల్లు రూపంలో, గుర్తిస్తుంది.

గుడివాడ, బందరు దారిలో కౌతవరం ఉంది. కైకాల సత్యనారాయణ ఊరు. ఆయనలోని ప్రతినాయకుణ్ణి మొదట గుర్తించి 1960లో 'కనకదుర్గ పూజా మహిమ'లో వేషం ఇచ్చింది విఠలాచార్యే. ఆ తర్వాత తెలుగువాళ్ళకు యముడంటే సత్యనారాయణ అయ్యాడు. 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల'. ఈ మూడింటిలో చివరిది మీ శాఖ బల్ల మీద ఉంచుకోదగినది. హీరో ఆలీ, అంతవరకూ పక్క వేషాలు వేసుకున్న హాస్యనటుడు. దర్శకుడు ఎస్.వి. కృష్ణారెడ్డి. యమలోకం నుంచి భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ యముడూ చిత్రగుప్తుడూ దిగివస్తారు. ఈ ఒక్క ఊహ మీద సినిమా మొత్తం నిలబడింది. మరుసటి ఏడాది 'ఘటోత్కచుడు'లో అదే సత్యనారాయణను అదే దర్శకుడు నేటి వీధుల్లోకి దింపాడు. యమలీలలో యముడు భూమ్మీదికి వచ్చి తికమకపడటం చూసి జనం నవ్వారంటే అందులో యమలోకపు సెట్టు ఖరీదు ప్రమేయం ఎంత? గద, కిరీటం, ఆ కంఠం చాలు. ఇవాళ ఒక కుర్ర దర్శకుడు అలాంటి కథ పట్టుకుని మీ రాష్ట్రంలో తిరిగితే మీ నియమాలు అతనికి ఏం చెబుతున్నాయి? 'నాయనా, ఊహ బాగానే ఉంది, ముందు వంద కోట్లు ఖర్చుపెట్టిరా' అనే కదా?

మీరు చెప్పగల మొదటి జవాబు నాకు తెలుసు. మాయాబజారేమీ చౌక సినిమా కాదు కదా, అంటారు. నిజమే, కాదు. ఖర్చు చూసి ఒక దశలో విజయా నిర్మాతలే వెనక్కి తగ్గారని, దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుదలతో మళ్ళీ మొదలైందని చెబుతారు. ద్వారక కోసం దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టి, వాటిలో దీపాలు వెలిగించారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గీసిన గీతల వెంట వడ్రంగుల, రంగులవాళ్ళ, దీపాలవాళ్ళ కూలికి పోయింది. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెలుతురు కోసం పట్టిన సమయానికి పోయింది. ఖర్చు చేయకూడదని నేను అనడం లేదు. ఖర్చు పెట్టిన చోట పనితనం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అది తేల్చడానికి ఖర్చు మొత్తం ఏమీ సాయపడదు అంటున్నాను. మాయాబజార్‌ను 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఓటింగులో భారతీయ సినిమాల్లో అన్నిటికన్నా గొప్పదిగా ఎన్నుకున్నప్పుడు ఓటు వేసినవారెవరూ దాని బడ్జెట్ తెలిసి వేయలేదు. అదే స్టూడియో యుగంలో అంతకంటే తక్కువ ఖర్చుతో తీసిన విఠలాచార్య 'బందిపోటు', 'అగ్గిపిడుగు', 'లక్ష్మీకటాక్షం' చిత్రాల్లో నటించడానికి తెలుగులో అందరికన్నా పెద్ద తార అయిన ఎన్టీఆర్ వెనకాడలేదు. నిమ్మకూరు రైతుబిడ్డకు తెలిసిన ఆ సంగతి, ఆయన బొమ్మ గోడకు వేలాడే కార్యాలయాల్లో తెలియకపోవడం వింత.

రెండో జవాబు కాలం మారిందనేది. ఇవాళ్టి ప్రేక్షకుడు హాలీవుడ్ గ్రాఫిక్స్ సెల్‌ఫోనులో చూస్తున్నాడు, తీగ కట్టి ఎగరేస్తే ఎగతాళి చేస్తాడు, అంటారు. నాసిరకం గ్రాఫిక్స్‌ను ఎగతాళి చేస్తాడు, అది మంచిదే. వందల కోట్లు పెట్టిన సినిమాల టీజర్లను సైతం వదిలిపెట్టలేదు గదా! కానీ తక్కువ డబ్బుతో బుర్ర పెట్టి చేసిన మాయను ఈ కాలం తిరస్కరించిందా? అమెరికాలో 2022లో తొలిసారి ప్రదర్శించిన 'హండ్రెడ్స్ ఆఫ్ బీవర్స్' అనే నలుపు తెలుపు హాస్య చిత్రానికి అయిన ఖర్చు సుమారు లక్షన్నర డాలర్లు. బీవర్ జంతువులకు బదులు బొమ్మ దుస్తులు తొడుక్కున్న మనుషులు మంచులో గంతులేస్తారు. ఎఫెక్ట్ షాట్లు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటి పని చాలావరకు దర్శకుడు తన కంప్యూటర్ ముందు కూర్చుని స్వయంగా చేసుకున్నాడు. పెద్ద పంపిణీదారు లేకుండానే అది ఊరూరా తిరిగి ఆడింది. అదే ఏడాది వచ్చి ఏడు ఆస్కార్లు గెలిచిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' ఎఫెక్ట్స్ పనిలో ఎక్కువ భాగం అయిదారుగురి బృందమే చేసింది. అంటే చేతిపని అనేది ఫిల్మ్ రీలుతో చచ్చిపోలేదు. కంప్యూటర్ కూడా చేతి పనిముట్టే, పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. మన దగ్గర తక్కువ ఖర్చుతో తీసిన 'హనుమాన్' 2024 సంక్రాంతికి పెద్ద తారల చిత్రాలకు ఎదురు నిలబడి, థియేటర్లు దొరక్క నిర్మాతలు గోలపెట్టవలసిన స్థితిలోంచి, జనం ఆదరణతో దేశమంతా ఆడింది. గ్రాఫిక్స్ విభాగంలో జాతీయ పురస్కారం కూడా తెచ్చుకుంది. అది చేతి ట్రిక్కుల సినిమా కాదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఖర్చును బట్టి అద్భుతం రాదని చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మూడోది, అన్నిటికంటే గట్టిది: పెద్ద సినిమా పదిమందికి పని ఇస్తుంది, ఇష్టమున్నవాడు ఎక్కువ ఇచ్చి చూస్తాడు, ఇష్టం లేనివాడు పది రోజులు ఆగుతాడు, మధ్యలో మీ బాధేమిటి? పని సంగతి ముందు. మీ జీవో కనీసం 20 శాతం చిత్రీకరణ రాష్ట్రంలో జరగాలంది. మంచి ఆలోచనే. అయితే ఇప్పటి ఫాంటసీ సినిమాలో ఖర్చు అసలు చిత్రీకరణలో లేదు, ఆ తర్వాత వచ్చే గ్రాఫిక్స్‌లో ఉంది. ఆ బిల్లు ఏ ఊరికి, ఏ దేశానికి పోయిందో మీ నిబంధన అడగదు. పచ్చ తెర ముందు నాలుగు రోజులు ఇక్కడ తీసి, లోకం మొత్తాన్ని వేరేచోట కట్టించుకున్నా శాతం లెక్క సరిపోవచ్చు. చేతితో చేసే మాయకు కావలసినవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే చెయ్యి బుల్లి ద్వారకకు గుమ్మాలు చెక్కలేదా? చిలకలపూడి కంసాలి యముడి కిరీటం చేయలేడా? కూచిపూడిలో ఆహార్యం తెలిసినవాళ్ళు లేరా? డెల్టాలో పనికోసం చూస్తున్న ఇన్ని చేతులను వదిలి, పరాయిచోట్ల కట్టిన బిల్లుకు మా జేబులోంచి వడ్డీ కట్టించడం ఏ రకం అభివృద్ధి?

ఇష్టం సంగతీ చూద్దాం. కోడూరు నుంచో నాగాయలంక నుంచో బస్సెక్కి పిల్లలతో సినిమాకు వచ్చే కుటుంబానికి పండగ సెలవులు ఉండేది ఆ పది రోజుల్లోనే. పిల్లల సినిమా అని ఊరించి, పిల్లలు ఇంట్లో ఉండే రోజుల్లోనే రేటు పెంచి, 'ఆగండి' అనడం ఇష్టాన్ని వాళ్ళకు వదలడం అవుతుందా? నిర్మాత తన సరుకుకు తాను రేటు పెట్టుకుంటే అది వ్యాపారం. ప్రభుత్వం గరిష్ఠ రేటు నిర్ణయించి, కొందరికి మాత్రం ఆ గీత దాటే అనుమతి ఇస్తే అది విధానం. విధానానికి కారణం చెప్పాలి, జనం అడిగితే లెక్క చూపాలి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్‌లు జోలె పట్టి ఊరూరా తిరిగారు. ఇచ్చినవాడు ఎందుకిస్తున్నాడో తెలిసి ఇచ్చాడు. ఇవాళ టికెట్ మీద అదనంగా ఇస్తున్నవాడికి తాను ఎవరి ఖర్చును భరిస్తున్నాడో, ఆ ఖర్చు దేనికైందో తెలుసా? అత్త సొమ్ము అల్లుడి దానంలా, మా డబ్బుతో మీరు ఎవరిని సత్కరిస్తున్నారు?

మీ నియమాల్లో చిన్న సినిమాకు చోటే లేదని నేను అనను. 20 కోట్ల లోపు బడ్జెట్ చిత్రానికి ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక ఆట ఇవ్వాలని అదే జీవోలో ఉంది, అయిదో ఆట వేసుకునే థియేటర్లకు షరతుగా. చదవడానికి ముచ్చటగా ఉంది. కానీ అది పెద్ద సినిమాకు అదనపు ఆట ఇస్తూ పక్కన పడేసిన షరతు. అయిదో ఆట అక్కర్లేని థియేటరుకు ఆ బాధ్యతే లేదు. ఉన్నచోట కూడా, బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఏ రోజున, ఏ హాల్లో, ఏ చిన్న సినిమాకు ఆ ఆట దక్కిందో మీ దగ్గర లెక్క ఉందా? ఉంటే బయటపెట్టడానికి అడ్డేమిటి? ఇక నంది పురస్కారాలు. 1964 నుంచి వస్తున్న ఆ గౌరవాన్ని 2017 నవంబరులో మూడేళ్ళకు కలిపి ఒకేసారి ప్రకటించారు, ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఊసే లేదు. డబ్బు తక్కువ, పనితనం ఎక్కువ ఉన్నవాడికి ప్రభుత్వం ఇవ్వగలిగింది నిజానికి ఆ మాత్రం గుర్తింపే. దాన్ని ఆపి, డబ్బున్నవాడికి ఇవ్వగలిగిన రేట్ల పెంపును మాత్రం మెమో మీద మెమోగా నడిపించారు. ఈ రెండు పనులూ ఒకే ప్రభుత్వ యంత్రాంగం చేసిందని పక్కపక్కన పెట్టి చూసుకున్నారా?

కాబట్టి అడుగుతున్నాను. బడ్జెట్ పేరు మీద ఇచ్చే ప్రత్యేక రేట్లను ఎత్తేయండి. ఎత్తేయడం మీ వల్ల కాకపోతే, పెంపు కోరుతూ వచ్చే ప్రతి దరఖాస్తుతో పాటు ఇంకొక కాగితం తప్పనిసరి చేయండి: ఏ షాట్లకు, ఏ పనికి, ఎవరి చేత, ఏ ఊళ్ళో చేయించి ఈ ఖర్చు అయింది? ఆ కాగితాన్ని రేటు పెంచిన థియేటర్ గుమ్మం దగ్గరే, టికెట్ రేట్ల బోర్డు పక్కన అంటించమనండి. చిన్న సినిమా ఆటను అయిదో ఆట తోక నుంచి విడదీసి, దానికదే ఒక నియమంగా రాయండి. నంది పురస్కారాల్లో ట్రిక్ పనికి, సెట్టు పనికి, బొమ్మ పనికి కలిపి విడిగా ఒక పురస్కారం పెట్టి, దానికి బడ్జెట్ పైపరిమితి విధించండి. ఆ పరిమితి ఎంత అన్నది తేల్చడానికి కమిటీ వేస్తారని తెలుసు. అందులో లెక్కలు చూసే అధికారులతో పాటు కెమెరా పనివాళ్ళను, వడ్రంగిని, కిరీటాలు చేసే మనిషినీ కూర్చోబెట్టండి. ఆ కమిటీ మొదటి సమావేశం విజయవాడలో కాకుండా బందరులో పెట్టండి. తొలి ప్రశ్నగా 'జగన్మోహిని' ఇవాళ విడుదలైతే మన నియమాల కింద దానికి ఏ రేటు, ఎన్ని ఆటలు దక్కుతాయో లెక్కగట్టమనండి. వచ్చిన అంకెను దాచకుండా మాకు తెలియజేయండి.

ఇట్లు,
కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు ప్రేక్షకుడు